ఊరంతా ఒకే ముగ్గు

మొదటి రాత. మాఘ బహుళ తదియ.

నా పేరు కొక్కిలిగడ్డ తిరపతమ్మ. వయసు డెబ్భై దాటింది, ఎంత దాటిందో నాకు తెలియదు. ఎదురుదిబ్బ మీద పడమటి వరసలో మా ఇల్లు. ఇంట్లో నేను, నా కొడుకు సముద్రాలు, కోడలు భాగ్యం. కొడుకు మంచినీటి మర దగ్గర కుళాయి చూస్తాడు. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే సభలో రాతపని చేసే నాగిడి సుభాషిణి రాస్తోంది. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. తిట్లు మాత్రం రాయనంది. అవి సభలో నోటితోనే చెబుతాను.

నా ఫిర్యాదు నా తోడికోడలు కొక్కిలిగడ్డ నాంచారమ్మ మీద. ఆమె చుక్కల సంచుల్ని తన ఇంట్లో ముందే వండిపెట్టి, లైనక్స్ పెట్టె, అదే పాతకాలపు కంప్యూటర్, ఉన్న ప్రతివాళ్ళకీ ఊరికే పంచుతోంది. దాన్ని ఆపించాలి.

సంచి వండటమంటే ఏమిటో పాత వరసలవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. మునిగిన పల్లెల నుంచి నిరుడు వచ్చిన కొత్త వరసవాళ్ళు తెలియదంటున్నారు కాబట్టి చెబుతున్నాను. చుక్కల్ని పాతకాలంలో క్రిప్టో అనేవారట. దిబ్బ మీద పనిచేసిన చేతికల్లా చుక్కలు పడతాయి. కుళాయి దగ్గర సంచి తెరిచి చుక్కలు వదిలితే బిందె నిండుతుంది. సంచి అంటే గుడ్డ సంచి కాదు, పెట్టెలో ఉండేది. సంచి లేని ఇంటికి నీళ్ళు లేవు.

ఆ సంచి పచ్చి సరుకుగా ఎగువనున్న పైదిబ్బ ఊరి నుంచి గాలిలో వస్తుంది. అలాగే వాడుకోవడానికి పనికిరాదు. ఎవరి పెట్టెలో వాళ్ళకు వండాలి. పెట్టెకు వరసగా మాటలు చెప్పాలి, ఒకటి తప్పినా మళ్ళీ మొదటికి. ఆ మాటలన్నీ మా అత్త నాకు నోటితో నేర్పింది, నేను పాటలాగా పెట్టుకున్నాను. పొద్దున కప్పు మీది కరెంటు పలకల మీద ఎండ పడగానే మొదలుపెడితే వంట దిగేసరికి సాయంత్రం. ఆ రోజు ఇంట్లో పంకా తిరగదు, దీపం వెలగదు, ఉన్న కరెంటంతా పెట్టె తాగేస్తుంది. మధ్యలో పెట్టె ఇంటిపేరు అడుగుతుంది. చెబితే కలుపుకుంటుంది. వంట దిగాక తెర మీద ఒక ముగ్గు వేస్తుంది. లోపల ఒక్క ఆవగింజంత తేడా ఉన్నా ముగ్గు మారిపోతుంది. అందుకే ఏ ఇంటి ముగ్గు ఆ ఇంటిది. దాన్నే ఆ ఇంటి ఆడవాళ్ళు రోజూ గుల్లసున్నంతో వాకిట్లో వేసుకుంటారు.

వంట రోజు నాకు పీట వేస్తారు. నీళ్ళ చెంబు ముందు నాకిచ్చి, నేను తాగాకే ఇంట్లోవాళ్ళు తాగుతారు. బొమ్మిడాయిల పులుసు పెడతారు. పెట్టె వేడెక్కే లోపల ఆ ఇంటి కష్టసుఖాలన్నీ నా చెవిన పడతాయి. ఈ దిబ్బ మీద పాత వరసల్లో నేను పీట మీద కూర్చోని ఇల్లు లేదు.

కొత్త వరస వాళ్ళు పిలుస్తారని చూశాను. పిలవలేదు. ఇవాళ పొద్దున నేనే వెళ్ళాను. మొదటి వాకిట్లో ఒక ముగ్గు. రెండో వాకిట్లో అదే. మూడో ఇల్లు లంకే ముత్యాలుది, అక్కడా అదే. వరస చివరిదాకా నడిచాను. ఒకే మనిషి రాత్రికి రాత్రి అన్ని గడపలూ తొక్కి వెళ్ళినట్టుంది.

ముత్యాలు చీపురు పక్కన పెట్టి లేచింది.

"ఏమ్మా, ఈ ముగ్గు నీకెక్కడిది?" అన్నాను.

"సంచిది మామ్మా. నాంచారమ్మగారు ఇచ్చింది. పెట్టెలోకి దించుకున్నాం, అయిపోయింది."

"ఏం పుచ్చుకుంది?"

"ఏం పుచ్చుకోలా. చెంబెడు నీళ్ళు తాగమన్నా తాగలా. ముందు మీ పిల్లలకి పోసుకోండమ్మా అంది."

నేనైతే ముందు తాగేదాన్ని. అది రాయి సుభాషిణీ, దాచుకునేదేం లేదు.

"నన్ను పిలిస్తే నేను వండేదాన్నిగా."

"మా పెట్టె ముసిలిది మామ్మా. వంటకి పెడితే సగంలో ఆరిపోద్ది. మొన్న నువ్వు ఎదురుగా పాత వరస ఇంట్లో వండబోతే వాళ్ళ పెట్టెలోంచి పొగొచ్చె."

ఆ ఎదురింటి పెట్టె అంతకుముందే పోయి ఉంది. అదీ రాయి.

రెండో రాత. మాఘ బహుళ షష్ఠి.

నాంచారమ్మ ఇవాళ కుళాయి దగ్గర కనబడింది. దాని గురించి సభకు తెలియాల్సింది కొంత ఉంది. నేను ఆ ఇంటి పెద్ద కోడల్ని, అది చిన్న కోడలు. అత్త ఇద్దరికీ వంట నేర్పింది. నాకు ఒక ఏడంతా పట్టింది. ఇది చదువుకున్నది కదా, అత్త చెబుతుంటే రాసుకుని నెల తిరక్కుండా నేర్చేసింది. అప్పటినుంచి అత్తకు ఏం కావాలన్నా "చిన్నదాన్ని పిలువు" అనేది. ప్రాణం పోయేముందు కూడా చిన్నదాన్నే పిలవమంది. నేను పక్కనే కూర్చుని కాళ్ళు పడుతున్నాను. దానికి జుట్టు ఇంకా నల్లగానే ఉంది. దాని ఇంటికి వెళ్ళినవాళ్ళెవరూ తొందరగా లేచి రారు. ఇవన్నీ ఫిర్యాదులో భాగం కావని సుభాషిణి అంటోంది. రాయమన్నాను.

కుళాయి దగ్గర అందరూ ఉండగానే అడిగాను.

"ఏం నాంచారీ, ఊరందరికీ నీ బొటనవేలు అతికిస్తున్నావంట?"

"బాగున్నావా అక్కా. మోకాలు ఎట్టా ఉంది?"

"నా మోకాలు సంగతి నీకెందుకు? అన్ని ఇళ్ళకీ ఒకటే ముగ్గు ఏంటని అడుగుతున్నా. ఇద్దరు మనుషులకి ఒకే వేలిముద్ర ఉంటదా? ఉందంటే ఆ రెండు చేతులూ ఒకళ్ళవే. ఆ సంచులన్నీ నీవే, నోరు మాత్రం వాళ్ళవైపు తిప్పి పెట్టావు. ఏదో ఒకనాడు తాడు లాగితే చుక్కలన్నీ నీ ఒళ్ళో పడతాయి."

"అట్టా కాదక్కా. కూర్చుని చెబితే తెలుస్తది, మా ఇంటికి రా."

"మీ ఇంటికా."

అది బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. అది నోరు పారేసుకుంటే నాకు కొంత తేలికగా ఉండేది.

అక్కడున్నవాళ్ళు మాత్రం వినేశారు. సాయంత్రానికి కొత్త వరసలో సగంమంది వాకిళ్ళలో ఆ ముగ్గు తుడిచేశారు. సభ పెద్ద ఓలేటి ధనుంజయ నన్ను పిలిపించాడు.

"పెద్దమ్మా, అనుమానమా, నిజమా?"

"ఊరికే ఇచ్చేది ఎవరన్నా ఉంటారా ధనుంజయా? నీకెవరన్నా ఇచ్చారా ఎప్పుడన్నా?"

ఆలోచించి, ఎవరూ ఇవ్వలేదన్నాడు. సభ తేల్చేదాకా ఆ ముగ్గున్న సంచులకు నీళ్ళు పోయొద్దని మరకు కబురు పంపాడు. ఇవాళ నాకు అన్నం రుచిగా ఉంది.

మూడో రాత. మాఘ బహుళ దశమి.

నీళ్ళు ఆపమని నేను అడగలేదు, సంచులు ఆపమన్నాను. ఈ తేడా సభ గమనించాలి. కొత్త వరసవాళ్ళు గుంట నీళ్ళు కాచుకుని తాగుతున్నారు. ఆ నీళ్ళు ఉప్పన. ముత్యాలు చిన్నపిల్లకు విరేచనాలు పట్టుకున్నాయి. ముత్యాలు నాకు ఎదురుపడితే తల తిప్పుకోలేదు, నిలబడి సూటిగా చూసింది. తల తిప్పుకుంటే బాగుండేది.

నా కొడుకు ఇంట్లో నాతో మాట్లాడటం లేదు. కుళాయి దగ్గర పొమ్మని చెప్పాల్సింది వాడే కదా.

ఇవాళ జరిగింది చెబుతాను. భాగ్యం నీళ్ళకు వెళ్ళి ఖాళీ బిందెతో వచ్చింది. బిందె బోర్లించి, పొయ్యి దగ్గర కూర్చుంది.

"మర ఆగిపోయిందా?" అన్నాను.

"లేదత్తా. నాకు పొయ్యలా."

"మన సంచికి పొయ్యకపోవటమేంటే? అక్కడ వీడు లేడా?"

"ఆయనే పొయ్యలా." బియ్యం చేటలోకి వంచుకుని రాళ్ళు ఏరటం మొదలుపెట్టింది. "మన సంచి కాదత్తా. నాది. నాంచారమ్మ చిన్నత్త ఇచ్చింది."

నేను నోరు తెరిచేలోపల తనే మళ్ళీ అంది. "మా అమ్మ ఇచ్చిన పెట్టె ఉంది గదా, అటక మీద. దాంట్లో వేసుకున్నా. వలలు అల్లినందుకు పడే చుక్కలు నీ సంచిలోకే పోతన్నాయి. చెంబెడు నీళ్ళు మా అమ్మకి పంపాలన్నా నిన్నడగాలి."

"అడిగితే నేను వండకపోదునా?"

"నా పెళ్ళైన కాడి నుంచి ఊరందరికీ వండావు."

 అన్నీ ఒకేసారి అనేసి ఏడిస్తే ఊరుకోబెట్టేదాన్ని. ఏడవలేదు, ఎసరు పెట్టింది.

సుభాషిణీ, ఇది నాంచారమ్మ మీద రెండో ఫిర్యాదుగా రాయి. నా ఇంట్లోకి, నా అటక మీదికి వచ్చింది. నా కోడలు దాన్ని చిన్నత్త అంటోంది. ఆ మాట అన్నప్పుడు భాగ్యం గొంతు ఎలా ఉందో నీకు తెలియదు. నన్ను అత్తా అన్నప్పుడు అలా ఉండదు.

నాలుగో రాత. మాఘ బహుళ ద్వాదశి.

సభ జరిగింది. రెండు వరసలవాళ్ళూ వచ్చారు. నేను చెప్పాల్సింది చెప్పాను, తిట్లతో సహా. నాంచారమ్మ లేచి, రెండు ఇత్తడి బిందెలు తెచ్చి సభ మధ్యలో పెట్టింది.

"ఈ రెండూ ఒకే మూసలో పోసినవి. ఒకటి నాది, ఒకటి ధనుంజయ ఇంటిది. రూపం ఒకటైనంత మాత్రాన ఈ బిందెలో నీళ్ళు ఆ బిందెలోకి వస్తయ్యా? ముగ్గు బిందెకి. నీళ్ళకి తాళం వేరే ఉంది. అది సంచి మొదట తెరిచినప్పుడు ఎవరి పెట్టెలో వాళ్ళకి పుట్టుద్ది. ఆ తాళం నాకు తెలియదు, నా చేతికి రాదు."

సభలో గుసగుసలు మొదలయ్యాయి. ధనుంజయ తల ఊపుతున్నాడు. నేను ఊరుకుంటానా?

"బిందె అడుగున చిల్లు పెట్టి ఇచ్చావేమో ఎవరికి తెలుసు? వండేటప్పుడు పక్కన ఎవరున్నారు? నేను ఎవరింట్లో వండినా ఆ ఇంటిల్లపాదీ ఎదురుగా కూర్చుంటారు."

"ఆ మాట నిజం," అంది నాంచారమ్మ. నా మాట నిజమని అది అనటం నేను ఎప్పుడూ వినలేదు. "చిల్లుందో లేదో నేను చెబితే చాలదు. అందుకే నేను ఇంటిపేరు కలపకుండా వండుతున్నా. ఇంటిపేరు కలపకపోతే అదే పచ్చి సరుకుని ఎవరు వండినా, ఏ పెట్టెలో వండినా ఇదే ముగ్గు రావాలి. నేను లోపల ఏదన్నా దాచి ఉంటే రాదు. అక్క వండి చూడనీండి. ముగ్గు మారితే నేను దొంగని. దిబ్బ దిగి పోతా."

సభ పెద్ద నా వైపు చూశాడు. "ఏం పెద్దమ్మా?"

నాకు నవ్వొచ్చింది. ఒకే చేపలు, ఒకే చింతపండు, ఒకే పొయ్యి. నలభై ఏళ్ళలో నా పులుసూ దాని పులుసూ ఒక్కనాడైనా ఒకటయ్యాయా? అత్త కళ్ళు మూసుకుని కూడా ఏది ఎవరిదో చెప్పేది. చేతి వంట చేతి వంటే. రెండు చేతులకు ఒక ముగ్గు ఎలా వస్తుంది?

ఒప్పుకున్నాను. దిబ్బ దిగిపోతే సామాను మోయటానికి మనుషుల్ని కూడా నేనే పంపుతానన్నాను. ఒకరిద్దరు నవ్వారు. నాంచారమ్మ నవ్వలేదు.

ఐదో రాత. మాఘ బహుళ చతుర్దశి.

నిన్న సభ అరుగు మీద వండాను. నా పెట్టె, నా పలకలు. పచ్చి సరుకు పైదిబ్బ నుంచి అందరి ఎదురుగా దింపారు. ఎండ పడగానే మాటలు మొదలుపెట్టాను. నాంచారమ్మను దగ్గరకు రానివ్వొద్దన్నాను, అది కొట్టం అవతల కూర్చుంది. ముత్యాలు తన వాకిటి ముగ్గును అరుగు మీద గుల్లసున్నంతో వేసి పెట్టింది, సరిచూడటానికి. ఒళ్ళో పిల్లను వేసుకునే వేసింది. పిల్ల పెదాలు తెల్లగా పొక్కి ఉన్నాయి.

మధ్యాహ్నానికి ఎండ మండిపోయింది. జనమంతా తిండికి పోయారు. కాపలా ఉన్నవాడు గోడకు చేరగిలబడి కునుకు తీస్తున్నాడు. అరుగు మీద నేను, నాకు విసరటానికి భాగ్యం.

అప్పుడు పెట్టె అడిగింది. "ఇంటిపేరు?"

నేను వండిన ప్రతిసారీ అడిగేదే. ఆ చోట మాట చెబితే కలుపుకుంటుంది, వద్దంటే ముందుకు పోతుంది. భాగ్యం విసరటం ఆపింది.

సభ ఈ చోట జాగ్రత్తగా వినాలి. నేను ఒక్క మాట అంటే చాలు. కొక్కిలిగడ్డ. నాలుక అలవాటు మీద దానంతట అదే అనబోయింది. అంటే ముగ్గు మారిపోతుంది. నాంచారమ్మ సాయంత్రానికి దొంగ అవుతుంది, దిబ్బ దిగిపోతుంది. కొత్త వరస నన్ను పిలుస్తుంది. నా కోడలికి ఒక్కతే అత్త మిగులుతుంది. ఇదంతా కళ్ళముందు కనబడింది, లేదని చెప్పను.

పెట్టె మళ్ళీ అడిగింది. "ఇంటిపేరు?"

భాగ్యం నా మొహంలోకి చూస్తోంది. దానికి తెలుసు. ఎన్నేళ్ళు నా పక్కన కూర్చుందో కదా, ఎక్కడ ఏ మాట వస్తుందో దానికీ వచ్చు. "అత్తా," అంది. వద్దనీ అనలేదు, కానివ్వమనీ అనలేదు.

నాకు కావలసింది నాంచారమ్మ తప్పు. నేను చేసి దాని ఒళ్ళో పెట్టిన తప్పు నాకెందుకు? అలా గెలిస్తే, అది తప్పు చెయ్యలేదని ఊళ్ళో ఒక్క నాకే తెలుస్తుంది. బతికినన్నాళ్ళూ ఆ మాట నాకు నేనే మొయ్యాలి. దాని మంచితనం ఎవరో చెబితేనే వినలేకపోతున్నాను, నా లోపల కూర్చుని చెబుతుంటే ఎలా భరించను?

"వద్దు," అన్నాను.

పెట్టె ముందుకు పోయింది. భాగ్యం మళ్ళీ విసరటం మొదలుపెట్టింది.

జనం తిరిగొచ్చారు. పొద్దు వాలేటప్పుడు వంట దిగింది. తెర మీద ముగ్గు వరస వరసగా పడింది. మొదటి వరస కలిసింది. మొదటి వరస ఎవరికైనా కలుస్తుందనుకున్నాను. రెండోది కలిసింది. నేను అరుగు మీద కూర్చుని, సున్నపు ముగ్గులో ఒక్కొక్క చుక్క మీదా వేలు పెట్టి, తెర వైపు చూసి, మళ్ళీ ముగ్గు వైపు చూశాను. ఒక్క చుక్క పక్కకు జరిగితే చాలనుకున్నాను. ఒక్క మెలిక. నా కళ్ళు బాగానే కనబడతాయి, అదే నా ఖర్మ. చివరి వరస కూడా కలిసింది.

 నేనే చెప్పాలని అందరూ ఆగారు.

"ఒకటే," అన్నాను.

ముత్యాలు పిల్లను భుజాన వేసుకుని లేచింది. "ఇప్పుడు పోస్తారా?" అంది. నా కొడుకు అప్పటికే కుళాయి వైపు పరుగెత్తుతున్నాడు.

నాంచారమ్మ లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. ఎగతాళి చేస్తుందనుకుని జవాబు సిద్ధంగా పెట్టుకున్నాను.

"అక్కా, నువ్వొచ్చి అడిగేదాకా నన్నెవరూ అడగలా. దించుకున్నారు, పోయారు. అందుకే భయం వేసింది నాకు. ఊరికే వచ్చిందాన్ని ఎవరూ తిప్పి చూడరు. రేపు నేను లేనప్పుడు ఇంకొకళ్ళు చిల్లు బిందెలు పంచితే?"

"అయితే?"

"కొత్త సరుకు వచ్చినప్పుడల్లా నేను వండేది వండుతా. నువ్వు వేరేగా వండు. రెండు ముగ్గులూ కలిస్తేనే జనం దించుకోవాలి."

"నేనే ఎందుకు? చదువుకున్నవాళ్ళు లేరా ఊళ్ళో?"

"వాళ్ళు నా మీద నమ్మకంతో సరిగా చూడరు. నేనంటే పడని మనిషి కావాలి. నీ అంత పడనివాళ్ళు ఈ దిబ్బ మీద ఎవరున్నారక్కా?"

సభంతా నవ్వింది. ధనుంజయ కూడా నవ్వాడు. నేను నవ్వలేదు. ఆలోచించి చెబుతానన్నాను.

ఆరో రాత. ఫాల్గుణ శుద్ధ తదియ.

ఆలోచించాను. నా ఫిర్యాదును వెనక్కి తీసుకోవటం లేదు, పక్కన పెడుతున్నాను. సభ దాన్ని పారెయ్యకుండా ఉంచాలి. నాంచారమ్మ సంచులు ఊరికే పంచుకోవచ్చు. పెట్టె ముసిలిదైనవాళ్ళు, వంట రానివాళ్ళు దించుకోవచ్చు. కానీ నేను నా పెట్టెలో వండి, ముగ్గు సరిచూసి, నా గుర్తు పడేదాకా ఎవరూ ముట్టకూడదు. ఇంటిపేరుతో వండించుకునే పాత ఇళ్ళకు నేను ఎప్పటిలాగే వెళతాను.

నిన్ననే కొత్త సరుకు వచ్చింది. వండాను. భాగ్యం పక్కన కూర్చుంది. ఈసారి సగం మాటలు దానిచేత చెప్పించాను, నా గొంతు బొంగురుపోయిందని. దానికి వంట వచ్చింది. ఆ సంగతి దానితో అనలేదు. ముగ్గు మళ్ళీ ఒకటే వచ్చింది. చుక్క చుక్కా చూశాను. మళ్ళీ సరుకు వచ్చినా ఇలాగే చూస్తాను. ఒక్క చుక్క తేడా వచ్చిన రోజున ధనుంజయ నిద్రలేవకముందే నేను సభ అరుగు మీద ఉంటాను.

ఒకే ఒక షరతు పెట్టాను. సంచి మీద మా ఇద్దరి గుర్తులూ పడతాయి కదా, నాది పైన ఉండాలి, దానిది కింద ఉండాలి. ఆ ఇంటికి పెద్ద కోడల్ని నేను. సుభాషిణి ఈ మాట నాంచారమ్మకు చెబితే, "పైనే వెయ్యండి, అదే సరైంది," అందట. కాసేపైనా బేరం చెయ్యలేదట. అంత తొందరగా ఒప్పుకోవటం నాకు నచ్చలేదు. అదీ రాయి.

పైన చెప్పిందంతా నేను చెప్పిందే. చదివించుకుని విన్నాను. తిట్లు లేని చోట తిట్లున్నట్టే సభ అనుకోవాలి.

కొక్కిలిగడ్డ తిరపతమ్మ గుర్తు: మూడు నిలువు గీతలు, వాటి మీదుగా ఒక అడ్డగీత.

సాక్షులు: లంకే ముత్యాలు. కొక్కిలిగడ్డ భాగ్యం.

రాసినది నాగిడి సుభాషిణి. నాంచారమ్మ కూడా సాక్షిగా ఉంటానని వచ్చింది. తిరపతమ్మ ఒప్పుకోలేదు. కానీ కూర్చోమని పీట ఆమే జరిపింది.